వియన్నాలో మొదటి రోజు

"దిగంగనే హోటల్‌కు పోతం. ఇంకేడికి పోం," అన్నాడు ఇస్సాకు.

"రూము మూడింటికి గాని ఇయ్యరు గద," అంది ఆయన భార్య సక్కుబాయి. "విమానం దిగేది పన్నెండున్నరకాయె. నడిమిట్ల రెండున్నర గంటలు ఏం జేస్తరు? ఊకె కూసునుడు మీతోని అయితదా?"

"కూసుంట."

పెద్దకూతురు స్రవ్య ఒళ్లో నోటుపుస్తకం పెట్టుకుని రాస్తోంది. పైన 'వియన్నా, మొదటి రోజు' అని రాసి కింద గీత కొట్టి ఉంది. చర్చి నుంచి వచ్చి బట్టలైనా మార్చుకోకుండా ముగ్గురూ కిషన్‌బాగ్ ఇంటి ముందుగదిలో కూర్చున్నారు. చిన్నకూతురు సోనీ గది తలుపు దగ్గరగా వేసి ఉంది. అటు చూసినప్పుడల్లా సక్కుబాయి గొంతు తగ్గిస్తోంది.

ఇస్సాకు నీళ్ల ఆఫీసులో పనిచేస్తాడు. ఏ గల్లీకి ఏ గంటకు వాల్వు తిప్పాలో, ఎన్ని నిమిషాలకు కట్టేయాలో ఆయనకు కంఠతా వచ్చు. ఆ అలవాటుతోనే ఆయన మొదట వేసిన ప్లానులో ఒక్క రోజుకు ఎనిమిది చోట్లు. ఒక్కోదానికి అరగంట. మధ్యలో ఊపిరి పీల్చుకునే సందు లేదు. నీళ్లకు అలుపుండదు. మనుషులకు ఉంటుందని, రాత్రంతా విమానంలో కూర్చున్న ఒళ్లు వాల్వు తిప్పితే పరుగెత్తదని ఆయనకు ఆలస్యంగా తెలిసింది.

ఇప్పుడు ఆ ఎనిమిదింటినీ ఒక్కొక్కటే కొట్టేయిస్తున్నాడు. సోనీకి ఆయాసం రాకుండా ఆ ఒక్క రోజు గడవాలి. ఆయన కోరేది అంతే.

"ప్యాలెస్?" అడిగింది స్రవ్య.

"కొట్టెయ్."

"మ్యూజియం?"

"గదీ కొట్టెయ్."

"ఇంకేం మిగిలింది బాపూ? గీ మాత్రానికి గంత దూరమెందుకు? మీరాలం చెరువు కాడికి పోయొస్తె సరిపాయె!"

నవ్వించాలనే అంది. సక్కుబాయి పెదవి కదిలింది గానీ నవ్వు దాకా రాలేదు.

పక్కింటి అజ్మతున్నీసా గిన్నె తిరిగిచ్చేందుకు గడప దాకా వచ్చింది. "క్యా చల్‌రా సక్కూ? అందరు ఒక్క తాన కూసున్నరు?"

"వియన్నా ప్లాన్ అక్కా. మొదటి రోజుది."

అజ్మతున్నీసా నోటుపుస్తకం వంక చూసింది. "చేస్కోండ్రి, చేస్కోండ్రి. నేను మల్ల వస్త," అని గిన్నె గడప పక్కన పెట్టి, చెప్పుల చప్పుడైనా వినిపించకుండా వెళ్లిపోయింది.

"పెద్ద చర్చి గోపురం?" స్రవ్య ఈ మాట మెల్లగా అడిగింది.

"కిందికెంచే చూస్తం," అన్నాడు ఇస్సాకు.

"మూడు వందల నలభై మూడు మెట్లు," అంది సక్కుబాయి. "మెట్లు కనబడితె సోనీ కాళ్లాగయి. ఎక్కుత బాపూ అంటది. అప్పుడేమంటరు?"

ఆయన నోరు తెరిచేలోపే ఆమే అందుకుంది.

"చార్మినార్ కింద పుట్టినోళ్లం, మనకు మెట్లొక లెక్కనా బిడ్డా అని మీరే ఎగేస్తరు."

"అనను."

"అంటరు."

"ప్రభువు తోడు సక్కూ, అనను. చెయ్యి పట్టుకొని ఆపుత. అలిగినా, లొల్లి పెట్టినా ఆపుత."

సక్కుబాయి స్రవ్య వైపు తిరిగింది. "దాని ఇన్‌హేలర్?"

పెన్ను ఆగింది. "నా హ్యాండ్‌బ్యాగుల," అంది స్రవ్య.

"పెద్ద సూట్‌కేసుల పెట్టి హోటల్ల ఇడిచిపెడ్తవేమో."

"లేదమ్మా. బ్యాగుల గూడ పెట్ట. చేతిలనే పట్టుకుంట."

"గట్టిగనా?"

"గట్టిగనే." స్రవ్య కళ్లు తుడుచుకుని, అదే ఊపులో తల్లిని నిలదీసింది. "మరి నువ్వు? మోకాళ్లు నొస్తున్నయ్, మీరు పోండ్రి అని బెంచి మీద కూసుంటవా?"

సక్కుబాయి చీర కొంగును వేలికి చుట్టుకుంది. "కూసోను," అంది చివరికి. "అది ఏడ ఉంటె ఆడనే ఉంట."

ఎవరి తప్పు ఎవరికి తెలియదు ఆ ఇంట్లో? ఇస్సాకు కిటికీలోంచి గల్లీలోకి చూశాడు. ఆటో ఒకటి సందు చాలక వెనక్కి పోతోంది.

"సదువు బిడ్డా," అన్నాడు.

స్రవ్య చదివింది. పన్నెండున్నరకు దిగుతారు. మూడింటి దాకా హోటల్ హాల్లోనే కూర్చుంటారు, ఇంటి నుంచి తెచ్చుకున్న రొట్టెలు తింటారు. రూము ఇచ్చాక ఆరింటి దాకా పడుకుంటారు. లేచాక పక్క పార్కులో అరగంట నడక, సోనీకి నచ్చిన ఐస్‌క్రీమ్. గోపురాన్ని అక్కడి నుంచే చూస్తారు. తొమ్మిదింటికి మళ్లీ పడక. నలుగురూ ఒకే గదిలో.

ఎక్కడ తప్పు దొరుకుతుందా అని సక్కుబాయి కళ్లు మూసుకుని వింది. దొరకలేదు.

"గిట్లయితె ఏం గాదు," అంది. "గిట్లయితె పొద్దుగాల్ల మంచిగ లేస్తది."

ఇస్సాకు తలూపాడు. తప్పులేని ప్లాను కుదిరితే గుండె తేలికవుతుందనుకున్నాడు. అదేమీ కాలేదు. అది మరీ చిన్న ప్లాను. ఏ తెలివీ అక్కర్లేకుండా ఎవరైనా వేయగలిగిన ప్లాను.

వియన్నా వెళ్లిన ఆ నలుగురిలో ముగ్గురు తిరిగొచ్చి మూడేళ్లయింది.