నీళ్ల ముందు నడిచేది

"ఆ ఒక్క వాక్యం కొట్టెయ్యండి తాతగారూ. మీకు దణ్ణం పెడతాను."

"పెట్టు. దణ్ణం ఎవరు పెట్టినా పుచ్చుకుంటాను. వాక్యం మాత్రం కొట్టను" అన్నాడు బసవపున్నయ్య, తూము మీద కూర్చుని కాళ్లూపుకుంటూ.

సింధూరికి ఏడుపొక్కటే తక్కువ. వేసవంతా కట్టేసిన కాలువలకి బెజవాడ బ్యారేజీ దగ్గర నీళ్లు వదిలి నాలుగు రోజులైంది. ఆ తొలి నీళ్ల వెంట ఇద్దరూ స్కూటీ మీద ఊరూరా వస్తున్నారు. ఆమె ఫొటోలు తీస్తుంది, ఆయన రాస్తాడు. గవర్నర్‌పేట పత్రికలో ఎనిమిది పేజీలు! పెళ్లి ఆల్బమ్‌లు తీసి తీసి విసిగిన పిల్లకి దొరికిన మొదటి అవకాశం. అయితే ఎడిటరు యేసుకుమార్ ఒక మెలిక పెట్టాడు. "ముసలాయన రాసే ప్రతి ముక్కకీ ఫొటో సాక్ష్యం ఉండాలమ్మా. ఒక్కదానికి లేకపోయినా పేజీలు లేవు."

ఎడిటరు బాధ ఎడిటరుది. సైకిలు బెల్లు మింగేసి, కాలువలో గంట కొట్టుకుంటూ తిరిగే కొరమీను గురించి బసవపున్నయ్య పోయినేడు రాస్తే, చదివినవాళ్లు వలలు భుజాన వేసుకుని బయల్దేరారు.

అదే మహానుభావుడు ఇప్పుడు, కాలువ చివరనున్న ఈ ఊరికి నీళ్లింకా రాకముందే, నోటుబుక్కులో ఆఖరి వాక్యం రాసిపెట్టుకున్నాడు: 'శివారు ఊరికి నీళ్లు వాటంతట అవి రావు, ముందు ఒక ఆడమనిషి నడుస్తుంది, ఆమె వెనక నీళ్లు నడుస్తాయి.'

"ఎవరండీ ఆవిడ? ఆధార్ కార్డుందా?"

"గంగమ్మకి ఆధారెందుకే అమ్మడూ? మా నాయన కళ్లారా చూశాడు. మా నాయన అబద్ధమాడడు."

"మరి మీరు?"

"నేను ఆడతాను. మా నాయన చూసినదాని గురించి మాత్రం ఆడను."

"దానికి ఫొటో ఎక్కణ్ణించి తెమ్మంటారు?"

"తీసేదానివి నువ్వు. రాసేవాణ్ణి నేను. నా పని అయిపోయింది" అని ఆయన తాటికాయలో వేలు పెట్టి ముంజె లాగాడు.

గట్టు మీద ఆదెమ్మ అనే ముసలావిడ పసుపునీళ్ల చెంబు పట్టుకుని పొద్దున్నుంచీ కూర్చుంది. వెనక నలుగురు ఆడవాళ్లు, వాళ్ల వెనక ఎండిన నారుమళ్లు.

"వచ్చేస్తన్నాయ్! మలుపు దగ్గరకొచ్చేసినయ్!" అని ఎవరో కేకేశారు.

సింధూరి చెప్పులు విప్పి, జీన్సు మడిచి, కాలువలోకి దిగి మలుపు వైపు పరిగెత్తింది. గట్టు మీంచి తీస్తే నీళ్ల వీపే పడుతుంది. ముఖం పడాలంటే ఎదురుగా నిలబడాలి.

ముందు చప్పుడొచ్చింది. కాలిన పెనం మీద నీళ్లు చిలకరించినట్టు, చుయ్యిమని. ఆ తర్వాత మలుపులోంచి నాలుక బయటికొచ్చింది. బురద రంగు నాలుక, దాని అంచున నురగ, నురగ మీద ఎండుటాకులు. అటొకటి ఇటొకటి కొంగలు, పెళ్లివారిలా పక్కనే నడుస్తున్నాయి. నేల నెర్రెలు నోళ్లు తెరుచుకుని గుటగుటా తాగి, బుడగలు వదులుతున్నాయి. అంతవరకూ రాళ్లనుకున్నవి కప్పలై ఎగిరాయి. మట్టి వాసన గుప్పున ముక్కుకి తగిలింది.

నీళ్లు వచ్చి ఆమె బొటనవేలు తాకాయి. బెజవాడలో బయల్దేరి, నాలుగు రోజులు ఎన్ని ఊళ్ల దాహమో తీరుస్తూ వచ్చిన నీళ్లు. మంచులా ఉన్నాయి.

ఆమె ఒకడుగు వెనక్కి వేసింది. నీళ్లు ఒకడుగు ముందుకు వేశాయి. ఆమె ఆగింది. నీళ్లు ఒక పెద్ద నెర్రె దగ్గర ఆగి, దాన్ని నింపి, ఇక పద అన్నట్టు మళ్లీ ఆమె పాదం తాకాయి.

కెమెరా పట్టుకున్న చేతులు ఎప్పుడు కిందికి దిగాయో, తను ఎప్పుడు వెనక్కి తిరిగిందో సింధూరికే తెలీదు. వెనక దూడ వస్తుంటే ఆవు నడిచినట్టు నడిచింది. గట్టు మీద ఎవరో ఏదో అంటున్నారు. వినపడలేదు. మడమల దగ్గర ఆ చుయ్యిమనే చప్పుడు తప్ప ప్రపంచంలో మరే చప్పుడూ లేదు.

తూము దగ్గర బసవపున్నయ్య చెయ్యి పట్టి పైకి లాగితేగానీ ఈ లోకంలోకి రాలేదు. కింద నీళ్లు తూములోంచి దూరి ఊరివైపు వెళ్లిపోయాయి. ఆడవాళ్లు దిగి వాటికి పసుపు చల్లుతున్నారు.

అప్పుడు చూసుకుంది కెమెరా. ఆఖరి ఫొటోలో ఒట్టి మలుపు, ఎండిన కాలువ.

"కొంప మునిగింది తాతగారూ! ఒక్కటీ తియ్యలేదు. నీళ్లొచ్చిన ఫొటోనే లేదు. ఇంక మీ గంగమ్మకి సాక్ష్యం ఎక్కణ్ణించి తెస్తాను? నాలుగు రోజుల కష్టం పోయింది!"

బసవపున్నయ్య జేబులోంచి అద్దం పగిలిన ఫోను తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"నాకు ఫొటోలు తియ్యడం చాతకాదే. వేలు అడ్డమొచ్చింది" అన్నాడు. "మా నాయన మాత్రం అబద్ధమాడలేదు."

నిజంగానే ఫొటోలో ఒక మూల ఆయన వేలుంది. మిగతాదంతా ఎండిన కాలువ. దూరంగా నురగతో వస్తున్న నీళ్లు. ఆ నీళ్లకి రెండడుగుల ముందు, వెనక్కి చూడకుండా, ఒక ఆడమనిషి నడుస్తోంది. గట్టు మీద చెంబు పక్కన పెట్టేసి ఆదెమ్మ రెండు చేతులూ జోడించింది, నీళ్లకి కాదు, ఆ మనిషికి.

ఆ మనిషి మెడలో కెమెరా వేలాడుతోంది.