పాప బరువు

ఒంటికి తగిలించుకుంటే బరువులు ఎత్తిపెట్టే బలం తొడుగులు వచ్చాక బిందె ఎత్తాలన్నా, బియ్యం మూట దించాలన్నా ఎవరి చేతులకూ పనీ, సత్తువా లేకుండా పోయాయి. నిన్న మధ్యాహ్నం ఛార్జింగ్ అయిపోయి తొడుగులు ఆగిపోతే, పాప రెండు చేతులూ చాచి ఏడుస్తున్నా పావని ఎత్తుకోలేకపోయింది. పక్కనే కూలబడి తనూ ఏడ్చింది. అందుకే ఇవాళ అత్తగారిని, పాపను వెంటబెట్టుకుని డంబెల్స్ కొనడానికి వచ్చింది.

"రెండు కిలోలతో మొదలుపెట్టండమ్మా," అన్నాడు కొట్టతను.

"మా పాప తొమ్మిది కిలోలండీ. తొమ్మిదివే ఇవ్వండి."

తొడుగులు విప్పి పట్టుకుంటే ఆ ఇనుము బల్లమీంచి కదల్లేదు. పావని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అదేమన్నా నీ మెడ పట్టుకుంటుందటే, పిచ్చిదానా!" అంటూ అత్తగారు తొడుగులతో తను ఎత్తుకున్న పాపను ఆమె గుండెకు ఆనించి, మెల్లగా చేతులు వదిలింది. పాప ఆమె మెడ చుట్టూ చేతులేసి, కాళ్ళతో నడుము కరుచుకుంది. పావని ఒక అడుగు తూలి నిలదొక్కుకుంది.

"ఆ రెండు కిలోలవే కట్టు నాయనా," అంది అత్తగారు కొట్టతనితో.

"ఇది ఇంత బరువుందా అత్తయ్యా!" పావని పాపను ఇంకాస్త హత్తుకుంది.

"ఉండదూ మరి! అంతా నువ్విచ్చిన పాలేగా."