దూరి చూపించు

“దీన్ని పాత ఇనుము వాళ్లకి ఇచ్చెయ్యండి అత్తయ్యా. ఇంత పాత ఆపరేటింగ్ సిస్టమ్‌ని ఇంటర్నెట్‌కి తగిలించి నడపడమంటే, వీధి తలుపు బార్లా తీసి పడుకోవడమే” అన్నాడు అల్లుడు.

అత్తగారు కళ్లజోడు పైకి తోసుకుంది. “అంత తేలికైతే దూరి చూపించు. నువ్వు లోపలికి వెళ్లగలిగితే దీన్ని నా చేత్తో నేనే అవతల పారేస్తాను.”

అల్లుడికి నవ్వొచ్చింది. దొంగలు ఏ దారిన రాగలరో ముందుగా తనే దూరి చూపించడం అతని ఉద్యోగం. అందుకే కంపెనీలు అతనికి జీతమిస్తున్నాయి. అత్తగారిది ముందు గదిలో నడిచే చిన్న బ్రెయిలీ ప్రెస్సు. చూపులేని పిల్లల బడికి పాఠ్యపుస్తకాలు తయారుచేస్తుంది. దళసరి కాగితం మీద చుక్కలు పొడిచే ఆ యంత్రాన్ని చేసినవాళ్లు ఎప్పుడో దుకాణం కట్టేశారు. అది ఈ పాత కంప్యూటర్ మాట తప్ప ఇంకెవరి మాటా వినదు.

“ఏ దారైనా నీ ఇష్టం. లోపలున్న పుస్తకాలకి మాత్రం ఏమీ కాకూడదు. రేపు బడివాళ్లొస్తారు, లెక్కల పుస్తకం చివరి భాగం ఇంకా మిగిలే ఉంది. నీకోసం ఇవాళ మిషను ఆపి మరీ కూర్చున్నాను” అంది అత్తగారు.

పక్కన కాగితాలు కుడుతున్న భార్య తలెత్తకుండానే అంది, “అమ్మతో పందెమా? ఊహ తెలిసినప్పట్నుంచీ కాస్తున్నాను. ఒక్కటీ గెలవలేదు.”

అతను లాప్‌టాప్ తెరిచి బయటి నుంచి మొదలుపెట్టాడు. తట్టిన తలుపల్లా మౌనమే. అసలక్కడ కంప్యూటర్ అనేదే లేనట్టుంది. వెళ్లి తీగ వెంబడి చూస్తే, అది నేరుగా ఇంటర్నెట్‌కి పోవడం లేదు. మధ్యలో అగ్గిపెట్టెకి అన్నలా ఓ చిన్న డబ్బా ఉంది. అది బడి వాళ్ల చిరునామా ఒక్కదాన్నే రానిస్తోంది. మిగతా లోకమంతా గుమ్మం బయటే.

“అయిందా?” అని అడిగింది అత్తగారు, టీ గ్లాసు పెడుతూ.

“ఇప్పుడేగా మొదలెట్టాను.”

ఈసారి ఇంటి వైఫైలోంచి రాబోయాడు. ఫోన్లు, టీవీ అన్నీ కనబడ్డాయి కానీ ప్రెస్సు కంప్యూటర్ జాడ లేదు. దానికి విడిగా వేరే దారి వేసి పెట్టింది అత్తగారు. బడి నుంచి వచ్చినట్టు దొంగ ఉత్తరమొకటి తయారుచేసి పంపాడు. అది అత్తగారి ఫోన్‌లో మోగింది.

“ఇది నీదేనా? ఉత్తరాలు అందులో తెరవను అల్లుడూ. ఇక్కడ చూసి, ఒట్టి అక్షరాలు మాత్రమే అందులో టైపు చేసుకుంటాను.”

అల్లుడు చొక్కా చేతులు మడిచాడు. పెన్‌డ్రైవ్ తీశాడు. కంప్యూటర్‌కున్న కంతలన్నీ గట్టి జిగురుతో మూసేసి ఉన్నాయి. మూత విప్పి డిస్కు బయటికి లాగి తన లాప్‌టాప్‌కి తగిలించాడు. అందులో ఉన్నవి దొంగల ముఠా రహస్యాలేం కావు, బళ్లో పిల్లల లెక్కల పుస్తకమే. అయినా పాస్‌వర్డ్ లేకుండా ఒక్క ముక్క కూడా చదవడానికి వీల్లేని గుప్తలిపిలో ఉంది. తనకి తెలియకుండానే “అబ్బ” అన్నాడు.

“ఏమైంది? దొరికిందా?” అత్తగారు గబగబా వచ్చింది.

“దొరకడమా? ఇదంతా మీకు ఎవరు నేర్పారు అత్తయ్యా?”

“నేర్పడానికి ఎవరున్నారు? భయం నేర్పింది. ఒక్కో పుస్తకం కొట్టడానికి నెలలు పడుతుంది. ఎవడో వెధవ వచ్చి తుడిచేస్తే ఆ పిల్లలు ఏం చదువుకోవాలి? ఒక్కో రోజూ ఒక్కో సందు వెతికి మూసుకుంటూ వచ్చాను.” గుక్క తిప్పుకొని మళ్లీ అంది, “ఊరికే కూర్చోకు. ఇంకేమైనా చూడు.”

అల్లుడికి ముచ్చటేసింది. ఓటమి ఎదురుగా కనబడుతున్నా ఇంకా గట్టిగా కొట్టమంటోంది, గుండె దిటవంటే ఇదీ అనుకున్నాడు. డిస్కు తిరిగి బిగించాడు. తనకి తెలిసిన విద్యలన్నీ ఒకటొకటే బయటికి తీశాడు, ఆవిడ బీరువాలో దాచిన నకలు డిస్కు మీదా ప్రయోగించాడు, అన్నీ గోడకి కొట్టిన బంతుల్లా వెనక్కొచ్చాయి. ఎండ కిటికీలోంచి జారి గడప దాకా వెళ్లింది. ఆఖరికి లాప్‌టాప్ మూసి లేచి, రెండు చేతులూ జోడించాడు.

“ఓడిపోయాను అత్తయ్యా. పొద్దున అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. పెద్ద పెద్ద కంపెనీల్లో కూడా ఇంత పకడ్బందీ నేను చూడలేదు. దీన్ని మార్చక్కర్లేదు. మా వాళ్లని తీసుకొచ్చి చూపిస్తాను, నేర్చుకుంటారు.”

భార్య సూది ఆపి తల్లి వంక గర్వంగా చూసింది. అత్తగారు మాత్రం నెమ్మదిగా కుర్చీలో కూలబడింది.

“ఎక్కడా చిన్న సందైనా లేదా?”

“చీమ దూరే సందు కూడా లేదు.”

“బీరువాలో దాచిన నకలు ఉందిగా, దాంట్లోంచి?”

“అదీ చూశాను. దానికీ పాస్‌వర్డ్ పెట్టారు. మీరు తప్ప ఈ భూమ్మీద ఇంకెవరూ తెరవలేరు.”

అత్తగారు కళ్లజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుంది.

“మరి ఇప్పుడెలా నాయనా? నిన్న రెండింటి పాస్‌వర్డూ మార్చాను, పొద్దున లేచేసరికి మర్చిపోయాను.”