నిద్రకి సగం

నేను అక్షరాలు నేర్చుకున్నది డెబ్భై దాటాక. ఒత్తులు తప్పితే మీరే సర్దుకుని చదవండి. చెయ్యి మెల్లగా నడుస్తుంది, అందుకని కథ కూడా చిన్నదే రాశాను.

బుసాన్ రేవులో అది కానాగంత చేపల కాలం.

సున్దోక్ తెల్లారి ఇంటికొచ్చి గుమ్మంలో రబ్బరు బూట్లు విడిచింది. చేతుల నిండా చేప పొలుసులు.

లోపల పాప ఏడుపు అందుకుంది.

కొత్తగా వచ్చిన పిన్ని తొందరపడలేదు. పాప బుల్లి పాదం పట్టుకుని, అరికాలుని తన బుగ్గకి ఆనించుకుంది. జోల లేదు, ఊపటం లేదు. పాప ఠక్కున ఊరుకుంది.

"ఇదేం మంత్రం పిన్నీ?"

"మంత్రమూ లేదు, మాయా లేదు. పాదం చల్లబడితే పసివాళ్ళకి భయం. బుగ్గ వెచ్చగా ఉంటుంది కదా."

రాత్రుళ్ళు పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే ఆడవాళ్ళు రేవులో అందరికీ పిన్నులే. ఈ పిన్ని నిన్ననే యోసు నుంచి వచ్చి పడవ దిగింది. పేరు ఎవరూ అడగలేదు.

సున్దోక్ మొగుడు ఎక్కడో దూరసముద్రంలో ఓడ మీద ఉన్నాడు. ఇక్కడ చేపల పడవలు రాగానే లౌడ్‌స్పీకర్ కూస్తుంది. చేపలు ఏరే ఆడవాళ్ళు ఉన్నపళంగా పరుగెత్తాలి. రెండు పిలుపులకి అందకపోతే ముఠాలో చోటు ఇంకొకరికి పోతుంది. సున్దోక్‌కి ఒకటి అప్పటికే తప్పింది.

ఆమె కూలి తీసి రెండు చేతులా అందించింది.

పిన్ని చూసుకుని, "ఇది సగమేగా?" అంది.

"పగలైతే పూర్తి కూలి. రాత్రి నిద్రపోతారు కదా, అందుకని సగం. ఇక్కడి వాడుక అంతే."

"నిద్రా?" పిన్ని నవ్వింది. "మా ఇంట్లో అయితే కాళ్ళు బార్లా చాపుకుని పడుకుంటాను. ఇక్కడ ఒక చెవి తెరిచిపెట్టుకునే ఉండాలి. ఆ చెవికి కూలి లేదా?"

"చెవికి కూడా కూలా! మరి ముక్కుకెంత?"

"నీ చేపల కంపు పీల్చినందుకు ముక్కుకి రెట్టింపు ఇవ్వాలి."

ఇద్దరూ నవ్వారు. పిన్ని మాత్రం మాట వదల్లేదు.

"మరి పడవలు రాని రాత్రి? పొద్దు వాలినప్పటి నుంచీ నీ పిలుపు కోసం కాచుకుని కూర్చుంటాను. ఇంకో ఇంటికి పోలేను. దానికేమిస్తావు?"

"పడవలు రాకపోతే నాకే చిల్లిగవ్వ రాదు పిన్నీ."

"నీకు రాకపోవటం అన్యాయం. ఆ అన్యాయం తీసుకొచ్చి నా నెత్తిన పెడతావా?"

సున్దోక్ చేతి పొలుసులు గిల్లుకుంటూ అంది.

"మా అమ్మ కాలం నుంచీ సగమే పిన్నీ. అమ్మ కూడా ఇక్కడే చేపలు ఏరింది. గదెక్ దీవి ఆవిడంటే రేవంతా ఎరుగుదురు."

పిన్ని పాప పాదం వదల్లేదు. సున్దోక్ మొహంలోకి చాలాసేపు చూసింది.

"ఉందా ఆవిడ?"

"పోయింది. మూడేళ్ళయింది."

"ఊఁ..." పిన్ని పాప పాదాన్ని దుప్పట్లో సర్దింది. "ఈ సగం వాడుక ఎలా వచ్చిందో ఎప్పుడన్నా అడిగావా?"

"వాడుకని ఎవరడుగుతారు?"

"అడుగు." పాపని తల్లి ఒళ్ళో పెట్టి, తన మూట అందుకుంది. "పూర్తి కూలి ఇస్తే ఉంటాను. లేదంటే పొద్దుటి పడవకే పోతాను. సగానికి చేసే వయసు దాటిపోయింది నాకు."

పూర్తి కూలి ఇచ్చానని తెలిస్తే మిగతా తల్లులు తనని బతకనిస్తారా?

"సగమే పిన్నీ," అంది సున్దోక్.

పిన్ని కోపగించుకోలేదు. ఆ సగమే నడుం సంచీలో దోపుకుని వెళ్ళిపోయింది.

సున్దోక్ నడుం వాలుద్దామని చూస్తే, రాత్రి పిన్నికి ఇచ్చిన బొంత మడత మడతలాగే ఉంది.

సాయంత్రం లౌడ్‌స్పీకర్ కూసింది. ఇంకో పిన్ని దొరకలేదు. సున్దోక్ పాపని దుప్పటితో వీపున కట్టుకుని పరుగెత్తింది.

ముఠా మేస్త్రి ఓక్‌బున్ చూస్తూనే గయ్యిమంది.

"పసిపిల్లని తెచ్చి ఐసు మధ్యలో నిలబెడతావుటే? పిన్ని దొరికిందన్నావుగా?"

"వెళ్ళిపోయింది పెద్దమ్మా. రాత్రికీ పూర్తి కూలి కావాలంది. అసలీ సగం వాడుక పెట్టిందెవరు?"

"వాడుకా, పాడా! అది ఒక మనిషి దయే." ఓక్‌బున్ చేపలు ఏరుతూనే చెప్పింది. "మీ నాన్న పడవ తిరిగి రాని ఏడు, నువ్వు పసిగుడ్డువి. మీ అమ్మ దగ్గర బియ్యానికే లేదు. అప్పుడొక పిన్ని, 'పిల్ల నడిచేదాకా సగమే ఇవ్వు, ఎలాగూ నిద్రపోతానుగా' అంది. ఉత్తమాట. మీ అమ్మ సిగ్గుపడకూడదని అన్న మాట. మర్నాటికల్లా తల్లులందరూ చేరి, 'అక్కడ నిద్రపోతే మా ఇంట్లో మాత్రం నిద్రపోవా? మాకూ సగమే' అని పట్టుబట్టారు."

"తర్వాత?"

"తర్వాతేముంది? సగం కూలితో మనిషి ఎలా బతుకుతుంది? ఇచ్చిన మాట ప్రకారం నువ్వు నడిచేదాకా ఉండి, ఊరొదిలిపోయింది. ఆ సగం మాత్రం ఇక్కడే ఉండిపోయింది."

వీపున పాప గుక్కపట్టింది.

సున్దోక్ దుప్పటి ముడి విప్పి పాపని ముందుకు తిప్పుకుంది. పొద్దున చూసినట్టే, ఆ బుల్లి అరికాలుని తన బుగ్గకి ఆనించుకుంది.

పాప ఊరుకుంది.

ఓక్‌బున్ చేతిలో చేపల బుట్ట దించి దగ్గరికొచ్చింది.

"ఇదెవరు నేర్పారే నీకు? నిన్ను ఊరుకోబెట్టటానికి ఆ పిన్ని అచ్చం ఇలాగే చేసేది!"

రాసింది: కాంగ్ పిల్‌రే, ఎనభై రెండేళ్ళు. ఇప్పుడు ఉంటున్నది బుసాన్‌లోని యోంగ్‌డో దీవిలో.