తెల్లపూల కూర

యాచీ ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని నెమ్మదిగా నమిలింది. తినే పుల్లలు బల్లమీద పెట్టేసి, గిన్నెను అవతలికి తోసింది.

“ఇది కాదు పిన్నీ. మా అమ్మది ఇలా ఉండదు.”

షూఫెన్‌కి ఆ కూర మూడు రోజుల పని. కొండల్లో పూసే తెల్లపూలు తెచ్చి, కేసరాలు గిల్లి, ఉడకబెట్టి, చేదు దిగేదాకా నీళ్ళు మార్చి మార్చి నానబెట్టింది. అప్పుడు పెద్ద చిక్కుడు గింజలూ, ఉప్పులో ఊరి ఎండిన పందిమాంసమూ వేసి వండింది.

వెయ్‌ఫు కూతుర్ని కసిరాడు. ఇంట్లో ఒక మనిషి ఇంత చాకిరీ చేస్తుంటే తినడానికి నొప్పేమిటన్నాడు. షూఫెన్ అతని మోచెయ్యి పట్టుకుని ఆపింది. యాచీ లేచి గదిలోకి వెళ్ళిపోయింది. తొమ్మిదేళ్ళ పిల్ల. ఈ మధ్య భుజం ఎముకలు చొక్కాలోంచి కనిపిస్తున్నాయి.

ఆ పిల్ల తల్లి చున్యాన్ పోయి మూడేళ్ళు. షూఫెన్ చైనాకు దక్షిణాన కున్మింగ్‌లోని ఈ ఇంటికి వచ్చి ఏడు నెలలు. ఆమెది ఉత్తరాన షాన్‌డాంగ్. రొట్టెలు, నూడుల్స్, ఉల్లికాడలు, ఇవి తప్ప ఎరగని చెయ్యి. అలాంటిది, పెళ్ళైన కొత్తలో పిల్లను దగ్గరకు తీసుకుని, నీకేం ఇష్టమో చెప్పు, వండి పెడతానంది. పిల్ల చాలాసేపు ఆలోచించి, “మా అమ్మ వంటలు” అంది.

అప్పట్నుంచీ పిల్ల ఒక్కో వంట పేరు చెబితే, దానికోసం షూఫెన్ సంతలో అడగని వాళ్ళు లేరు. మొదట చేపవాసన వేసే తెల్లటి వేరు. దాన్ని ముక్కు మూసుకునే కడిగింది. తర్వాత ఏటి రాళ్ళ మీది పాచి, ఎండబెట్టి నూనెలో వేయించాలట. తర్వాత అరటిపువ్వు. ఆపైన కందిరీగ తుట్టెలోంచి తీసిన తెల్లటి పిల్లపురుగులు. కళ్ళు మూసుకుని బాణలిలో వేసింది. తెల్లపూలు అమ్మే ముసలావిడ అయితే నవ్వి, “గోధుమపిండి ఊరిదానివి, నీకెందుకే తల్లీ ఈ తిప్పలు?” అంది. పక్కనే ఉన్న యాచీ ఒక పువ్వు తీసి అటూ ఇటూ తిప్పి చూసి, “ఇవేనా అవి?” అంది మెల్లగా.

ప్రతిసారీ అంతే. వంట అవుతున్నంతసేపూ పిల్ల పొయ్యి దగ్గరే నిలబడేది. గిన్నె ముందుకు రాగానే మొహం విప్పారేది. ఒక్క ముద్ద, అంతే. “ఇది కాదు.”

ఉప్పు చాలలేదా, కారం ఎక్కువైందా అని షూఫెన్ అడిగితే, పిల్ల కళ్ళు మూసుకుని ఏదో వెతుక్కునేది. “తెలీదు పిన్నీ. ఇది మాత్రం కాదు.”

వెయ్‌ఫుని అడిగితే, ఆ రోజుల్లో తను లారీ తోలుకుంటూ నెలకి నాలుగు రోజులు ఇంట్లో ఉంటే గొప్పేనని, చున్యాన్ ఏం వండి పెట్టేదో తనకు తెలియదని చెప్పాడు. చెప్పి తల దించుకున్నాడు.

తెల్లపూల కూరను పిల్ల తోసేసిన మర్నాడు షూఫెన్ బస్సెక్కింది. చున్యాన్ అక్క సుయ్‌లియన్ దక్షిణాన కొండల్లోని పుట్టింట్లోనే ఉంటోంది. ఆరు గంటల ప్రయాణం. చెల్లెలి చోటులోకి వచ్చిన మనిషి గుమ్మంలో నిలబడితే సుయ్‌లియన్ మొహం మాడ్చుకుంటుందేమోనని దారంతా గుబులే. మాడ్చుకోనే మాడ్చుకుంది. టీ అయితే ఇచ్చింది గానీ, వెంటనే తన పని అందుకుంది. చిక్కుడు కాయలు ఒలుస్తూ కూచుంది.

షూఫెన్ సంచిలోంచి చిన్న పుస్తకం తీసింది. పిల్ల అడిగిన వంటలన్నీ, తను వండిన తీరూ అందులో రాసుకుంది. ఒక్కొక్కటే చదివింది. వేరును నిప్పుల మీద కాల్చిన ఎండుమిరపకాయలతో కలిపాననీ, పూలు మూడు రోజులు నానబెట్టాననీ, అయినా పిల్ల ముట్టడంలేదనీ చెప్పింది. ఆ పిల్లకు తల్లిని కాలేననీ, ఆ ఆశ తనకు లేదనీ అంది.

“కడుపునిండా తింటే చాలక్కా. దాన్ని చూస్తుంటే భయమేస్తోంది. మీ చెల్లెలు ఎలా వండేదో నేర్పించు. నేర్చుకున్నాకే ఇంటికి వెళ్తాను.”

సుయ్‌లియన్ ఒలుస్తున్న కాయ చేతిలోనే ఉండిపోయింది. పుస్తకం తీసుకుని మొదటి పేజీ నుంచి వేలు పెట్టుకుని చదివింది. వేరు. పాచి. అరటిపువ్వు. కందిరీగలు. తెల్లపూలు. ఆఖరి పేజీ దగ్గర ఆమె వేలు ఆగిపోయింది.

“చున్యాన్‌కి వండే తీరిక ఎక్కడిదమ్మా? చెప్పుల ఫ్యాక్టరీలో రెండు షిఫ్టులు చేసేది. తల్లీ కూతుళ్ళు వీధి చివర బండి దగ్గర నూడుల్స్ తిని పడుకునేవాళ్ళు.”

షూఫెన్‌కి అర్థం కాలేదు. “మరి ఇవన్నీ?”

సుయ్‌లియన్ పుస్తకం మూసి, రెండు చేతులతో ఆమెకు తిరిగి ఇచ్చింది. మొదటిసారి కళ్ళలోకి చూసి మాట్లాడింది.

“వీటిల్లో ఒక్కటి కూడా ఆ పిల్ల నోట్లో పెట్టి ఎరగదు. ఆస్పత్రిలో ఆఖరి నెలంతా మా చెల్లి దాన్ని మంచం మీద పక్కన పడుకోబెట్టుకుని, ఇంటికెళ్ళాక నీకు ఇది వండి పెడతా, అది వండి పెడతా అని రోజుకొకటి చెప్పిన వంటలు ఇవి.”