నెత్తురు మరవదు

"అమ్మ అడుగుతాంది. నా కంచంలో మిగిలిన సంగటి తినరా," అన్నాడు తిమ్మన్న.

తమ్ముడు ఉచ్చీరప్ప కంచం అందుకున్నాడు. ఒళ్లంతా పొక్కులతో ఉన్న అన్న ముట్టిన సంగటిని కళ్లకద్దుకుని తిన్నాడు. అమ్మవారు పోసిన మనిషి ఏమడిగినా కాదనకూడదు, అడిగేది అమ్మే. హాలహర్వి పక్కన ఆ పల్లెలో పాలు తాగే పిల్లకు కూడా తెలిసిన సంగతి అది.

తిమ్మన్న లెక్కలో మాత్రం అమ్మా లేదు, బొమ్మా లేదు. దుబాయి నుంచి వచ్చిన అల్లుడు జయరాం తెచ్చిన మంకీపాక్స్ ఇది, తాకితే అంటుతుంది అని ఆదోని డాక్టరమ్మ దివ్య ముందే చెప్పిపోయింది. ఆమె మాట మీద భార్య మహాదేవి ఎమ్మిగనూరు పుట్టింటికి పోయింది. చాకిరీకి తనంతట తానే వచ్చినవాడు ఉచ్చీరప్ప. మూడేళ్ల కిందట బోరు మోటారుకు తాళమేసి అన్న పత్తిని నిలువునా ఎండబెట్టిన ఉచ్చీరప్ప.

వెతకబోయిన తీగ కాలికి తగిలింది. పత్తి ఏరే వేళకు వీడు మంచం పట్టాలి, వీడి పత్తి చేనులోనే రాలి మట్టి కావాలి. తిమ్మన్నకు ఇంకో కోరిక లేదు.

"అమ్మ అడుగుతాంది. ఈ తువ్వాలతో మొగం తుడుసుకో."

తుడుచుకున్నాడు.

"నా దుప్పటి కప్పుకో."

కప్పుకున్నాడు.

మూడు వారాలు గడిచాయి. తిమ్మన్న పొక్కులు పక్కు కట్టాయి. తమ్ముడి ఒంటి మీద చెమటకాయ కూడా లేవలేదు.

ఆ పొద్దు దివ్య మళ్లీ వచ్చింది. వారం కిందట తీసుకుపోయిన ఉచ్చీరప్ప రక్తం సంగతి తేలిందట.

"వీనికెందుకు రాలేదు మేడమ్?" ఉండబట్టలేక అడిగేశాడు తిమ్మన్న.

"రక్తంలో టీ కణాలని ఒక సైన్యం ఉంటుంది. మశూచి జాతి పురుగు ఒక్కసారి ఒంట్లోకొస్తే దాని మొగం ఏళ్ల తరబడి మరవదు. పాము పగ అనుకో. దాని చుట్టం ఏ కణంలో దూరినా, ఆ కణంతో సహా చంపేస్తుంది. ఇతని ఒంట్లో ఆ సైన్యం ముందే తయారుగా ఉంది." ఆమె ఉచ్చీరప్ప వైపు తిరిగింది. "పొదుగు మీద పొక్కులున్న గేదె పాలు ఎప్పుడైనా పిండినావా?"

తిమ్మన్న దుప్పటిని మొగం మీదికి లాక్కున్నాడు.

"పిండినాను మేడమ్, రెండేండ్ల కిందట. నెల దినాలు సేతుల నిండా బొబ్బలు."

"అదీ మశూచి జాతిదే, ఆ బొబ్బలే ఇప్పుడు నిన్ను కాపాడినాయి. అట్లాంటి గేదెను నీకెవరు అంటగట్టినారయ్యా?"

"అట్లనొద్దు మేడమ్," అన్నాడు ఉచ్చీరప్ప, అన్న కాళ్ల మీద దుప్పటి సర్దుతూ. "నా పిల్లోల్లకు పాలుండాలని మా అన్నే ఊరకనే తోలిచ్చినాడు. ఆ రుణం తీర్సుకుందామనే ఈ చాకిరీకి వచ్చినాను."