ఎత్తిన చేతులు

"సంతకం పెట్టెయ్. దీంతో అయిపోతుంది," అంటూ సూపర్‌వైజరు కాగితం ముందుకు తోశాడు.

ఆపరేటర్ చదివాడు. 'నా పొరపాటు వల్లే ఎక్స్‌కవేటర్ తిరిగి కూలీకి తగిలింది' అని ఉంది.

కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సూపర్‌వైజరు జేబులోనే దోపాడు.

"నేను లివరు ముట్టుకోలేదు."

సైట్లో అందరూ అతన్ని మొండన్న అంటారు. ఇరవై ఏళ్ళుగా యంత్రం నడుపుతున్నాడు, ఎవరికీ గోరంత గాయం చెయ్యలేదు. అలాంటిది సోమవారం ఆ యంత్రం దానంతట అదే గిర్రున తిరిగింది. గోతి పక్కన నిలబడ్డ కూలీ కాలు విరిగింది.

కంపెనీ ఇంజనీరు వచ్చి ల్యాప్‌టాప్ తగిలించాడు. యంత్రంలోని కంట్రోల్ కంప్యూటర్ ఏం రాసుకుందో చూశాడు.

"లివరు పూర్తిగా లాగినట్టు ఉంది," అని తేల్చేశాడు.

అప్పట్నుంచీ మొండన్న రోజూ వచ్చి యంత్రం పక్కనే కూర్చుంటున్నాడు. తాళంచెవి అతని జేబులోనే ఉంది. ఎవరడిగినా ఇవ్వలేదు.

నాలుగో రోజు పొద్దున్న ఒకావిడ గేటు దాటి తిన్నగా యంత్రం దగ్గరికి వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. భుజాన సంచి, కాళ్ళకు బరువైన బూట్లు.

"ఒకసారి దీని వైరింగ్ చూడనిస్తారా?"

"ఎవరమ్మా నువ్వు? కంపెనీ మనిషివా?" అన్నాడు సూపర్‌వైజరు.

"కాదు."

"మరి నీకేం పని? ఇదేమన్నా మిక్సీనా, ఎవరు పడితే వాళ్ళు విప్పి చూడటానికి?"

మొండన్న వైపు తిరిగింది.

"పేపర్లో చదివి వచ్చాను తమ్ముడూ. లివరు ముట్టుకోలేదన్నావట."

"అన్నాను. ఇప్పుడూ అంటాను. మీరు కూడా సంతకం పెట్టించడానికే వచ్చారా? చదువుకున్నవాళ్ళ రిపోర్టులు చూశాంలెండి. చల్లగా గదిలో కూర్చుని మా బతుకులు తేల్చేస్తారు."

ఆమె ముఖం పాలిపోయింది. కోపం మాత్రం రాలేదు.

"నిజమే. అందుకే వచ్చాను. తాళంచెవి ఇస్తావా?"

సూపర్‌వైజరు అడ్డం వచ్చాడు. "ఇచ్చావంటే నీ ఉద్యోగం ఊడినట్టే!"

"ఇప్పుడేమన్నా ఉంచుతున్నారా?" అంటూ మొండన్న తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు.

బకెట్ నేలకు ఆని ఉందో లేదో ఆమె వంగి చూసుకుంది. సేఫ్టీ లాక్ వేయించింది. చుట్టూ మూగినవాళ్ళను దూరం పంపింది. ఇంజన్ వేయకుండా తాళంచెవి మాత్రం తిప్పించి, సీటు వెనక మూత విప్పి, లివరు నుంచి కంప్యూటర్‌కు వెళ్ళే వైరు మీద మీటరు పెట్టింది.

రెండున్నర వోల్టులు.

"లివరు వదిలేసినప్పుడు అంతే ఉండాలి. చూశారా, బ్రహ్మాండంగా ఉంది," అని నవ్వాడు ల్యాప్‌టాప్ పట్టుకుని అప్పుడే వచ్చిన కంపెనీ ఇంజనీరు.

"ఇవాళ ఉంది. సోమవారం ఉందా?"

క్యాబిన్ కిందికి దూరింది. వైర్ల కట్టను జానెడు జానెడు తడుముతూ, కదుపుతూ పోతోంది. గంట గడిచింది. మోచేతుల దాకా గ్రీజు. మంచినీళ్ళు కావాలా అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

"తమ్ముడూ!" కింద నుంచి కేక. "సీట్లో కూర్చుని రెండు చేతులూ పైకెత్తు. ఇంజనీరు గారూ, మీరు ల్యాప్‌టాప్ మీద నుంచి చూపు తిప్పకండి."

మొండన్న చేతులెత్తాడు. దూరంగా నిలబడ్డ కూలీలంతా మెడలు సాచారు.

ఆమె కట్టను ఒకచోట పట్టుకుని ఊపింది.

తెర మీద గీత జివ్వున పైకి లేచింది. నాలుగు వోల్టులు దాటింది. లివరు పూర్తిగా లాగినట్టు.

లివరు మీద ఎవరి చెయ్యీ లేదు.

"ఇప్పుడు రాయండిరా నా పేరు!" అని అరిచాడు మొండన్న, ఎత్తిన చేతులు దించకుండానే.

ఆమె బయటికి వచ్చి ఇంజనీరుకు టార్చి వేసి చూపించింది. క్లాంపు ఒరుసుకుని రెండు వైర్ల తొడుగులు అరిగిపోయాయి. మధ్యలో తడి చేరింది.

"వైరు చెడితే కంప్యూటర్ పట్టుకోవాలి కదండీ?" ఇంజనీరు గొంతు తగ్గింది.

"కరెంటు ఇచ్చే వైరూ లివరు వైరూ పూర్తిగా అతుక్కుంటే, లివరు ఎప్పుడూ ఇవ్వని అయిదు వోల్టులొచ్చేవి, కంప్యూటర్ పట్టుకునేది. తడి వల్ల కరెంటు కొంచెమే దిగింది. నాలుగు రాగానే మనిషే లాగాడనుకుంది. ఇదంతా రాసి సంతకం పెట్టండి."

"ఇది రాస్తే పైవాళ్ళు ఊరుకోరు మేడమ్."

"ఊరుకోరు. రాయకపోతే మీ మనసు ఊరుకోదు. అది ఇంకా కష్టం."

అతను ఆమె కళ్ళలోకి చూశాడు. ఏమనుకున్నాడో, బానెట్ మీదే కాగితం పెట్టి రాసి, కింద సంతకం చేశాడు.

ఆమె ప్రతి వాక్యం చదివింది. తలూపి, సంచి భుజాన వేసుకుంది.

మొండన్న కళ్ళు తుడుచుకుని సీట్లోంచి దిగేసరికి ఆమె గేటు దాటేసింది. పేరైనా అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది. పరుగున వెళ్ళి చూశాడు. రోడ్డు మీద ఎవరూ లేరు.

తిరిగొచ్చేసరికి ఇంజనీరు తన పై అధికారితో ఫోన్లో మాట్లాడుతున్నాడు. స్పీకరు ఆన్‌లో ఉంది.

"మళ్ళీ ఆవిడేనా! ఇది పదకొండో సైటు," అంటోంది అవతలి గొంతు.

"ఎవరు సార్ ఆమె?" అని అడిగాడు ఇంజనీరు.

"పాపం, ఆవిడ భర్తో తమ్ముడో నాలాగే ఇరుక్కుని ఉంటాడు," అన్నాడు మొండన్న.



"ఇరుక్కున్నవాడు ఆవిడకేమీ కాడు," అంది ఫోన్లో గొంతు. "ఆరేళ్ళ కిందట ఒక ఆపరేటర్ చెయ్యని తప్పుకు జైలుకెళ్ళి అక్కడే పోయాడు, తప్పంతా అతనిదేనని రిపోర్టు రాసి సంతకం పెట్టిన మన కంపెనీ ఇంజనీరు ఆవిడే."